పంపు పాడైందని ఫోటో వచ్చింది, మలావీ వెళ్లనా?

ఈసారి ఉత్తరం ఒక రిటైర్డ్ వాటర్ ఇంజినీరు గారిది. తన పేరూ, పనిచేసిన సంస్థ పేరూ బయటపెట్టొద్దన్నారు. చాలా పొడుగు ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆవిడ వయసు అరవై దాటింది. పల్లెలకు తాగునీరు, మరుగుదొడ్లు ఆవిడ రంగం. ఉద్యోగమంతా ఒక అంతర్జాతీయ సంస్థలోనే, ముందు బంగ్లాదేశ్, తర్వాత ఆఫ్రికాలోని ఇథియోపియా, మలావీ. దక్షిణ మలావీలోని ఒక జిల్లాలో బోర్లు వేయించిన ఏళ్లే తన జీవితంలో మంచి కాలమని రాశారు. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని పోస్టింగులు కూడా కొన్ని పడ్డాయి. అప్పుడు పిల్లల పరీక్షలు, జ్వరాలు, ఫీజులు అన్నీ వాళ్ల వారు ఒక్కరే చూసుకున్నారు.

రిటైరయ్యాక కొన్నాళ్లు హాయిగా ఉంది. తర్వాత ఫోన్ మోగడం తగ్గింది. పాత జూనియర్లకు పొడుగు పొడుగు మెయిళ్లు రాస్తే 'థాంక్యూ మేడమ్' అని ఒక్క ముక్క వస్తోంది, ఒక్కోసారి అదీ లేదు. ఇంతలో తన దగ్గర ఒకప్పుడు ఫీల్డ్ అసిస్టెంటుగా పనిచేసి, ఇప్పుడు జిల్లా నీటి అధికారి అయిన ఆయన ఒక ఫోటో పంపారు. గడ్డిలో ఆఫ్రిదేవ్ చేతిపంపు, దానికి హ్యాండిల్ లేదు. కింద ఒక్క లైను: 'మేడమ్, ఒకసారి వచ్చి చూడండి.' అప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదట.

వాళ్ల వారు, 'ఇన్నాళ్లకి తీరిక దొరికింది, మనిద్దరం కలిసి తిరుగుదాం. మలావీయే అంటే మలావీయే, వెళ్లి మలావీ సరస్సు చూద్దాం. బోర్ల చుట్టూ తిరగడానికైతే నేను రాను' అంటున్నారు. కూతురు ఇంకో అడుగు ముందుకేసి, 'అడగని వాళ్లకి ఇవ్వడమే కదమ్మా మీ ఉద్యోగం, ఇంకా ఎందుకు?' అంది. రిటైరైన కొలీగ్ ఒకాయన పాత దేశానికి వెళ్లి, అక్కడి ఆఫీసు మీటింగులో గంటసేపు క్లాసు పీకితే, ఆ తర్వాత వాళ్లు ఆయన ఫోన్ ఎత్తడం మానేశారట. తనకూ అదే గతి పడుతుందేమోనని ఆవిడ భయం. ఇంట్లో ఒక పెట్టె నిండా ఫీల్డ్ నోటుబుక్కులు ఉన్నాయి. వెళ్లాలా వద్దా? వెళ్లాలనుకోవడం సేవా, అహమా? తనకు తెలిసింది ఇంకా ఎవరికైనా పనికొస్తుందా? ఇవీ ప్రశ్నలు.

ముందు ఆ ఫోటో సంగతి తేల్చుకుందామండీ. మీ దగ్గర పనిచేసిన జూనియర్ ఎవరైనా ఇలాంటి ఒక్క ఫోటో చూసి 'ప్రాజెక్టు విఫలం' అని రిపోర్టు రాసి ఉంటే, మీరు వెనక్కి పంపి ఉండేవారు. అలాంటిది మీ విషయానికొచ్చేసరికి ఆ ఫోటోతోనే మీ ఉద్యోగమంతటికీ తీర్పు రాసేసుకున్నారు. ఊళ్లో వాళ్లే ఒక పానా పట్టుకుని పంపు విప్పి, రాడ్లు పైకి లాగి, అరిగిన సీలు మార్చుకోవాలని 1980లలో ఆఫ్రిదేవ్‌ను తయారుచేశారు. ఆ పనిలో మీ రంగం ఇంజినీర్లే ఉన్నారు. అంత తేలిగ్గా ఊడేది కాబట్టే హ్యాండిల్ ఎవరైనా ఎత్తుకుపోయి ఉండొచ్చు. రిపేరుకి ఇచ్చి ఉండొచ్చు. డబ్బుల దగ్గర గొడవొచ్చి, పంపు చూసుకునే ఊరి కమిటీ వాళ్లే తీసి దాచి ఉండొచ్చు. దగ్గర్లో కొళాయి వచ్చి పంపు అక్కర్లేకుండా పోయి ఉండొచ్చు. లేదా బోరే ఎండిపోయి ఉండొచ్చు. వీటిలో ఒక్కోదానికి అర్థం ఒక్కో రకం. ఏది నిజమో ఫోటోలో కనిపించదు.

మీ మనసు తేలికపడాలని ఇది చెప్పడం లేదు. ఆఫ్రికాలో చేతిపంపులు పెద్ద ఎత్తున ఆగిపోతున్నాయన్నది మీ రంగంలో అందరికీ తెలిసిన విషయమే. సహారా దిగువన ఉన్న 20 దేశాల్లో మూడింట ఒక వంతుకు పైగా పంపులు పనిచేయడం లేదని 2009లో, పల్లె నీటి సరఫరా నిపుణుల వేదిక అయిన రూరల్ వాటర్ సప్లై నెట్‌వర్క్ లెక్క చెప్పింది. పంపు డిజైను మంచిదే. కమిటీ ఏళ్ల తరబడి డబ్బు వసూలు చేస్తూనే ఉంటుంది, సీలు కావాలంటే పక్క సంతలో దొరుకుతుంది అని మీరంతా అనుకున్న రెండు ఊహలే నిలబడలేదు. ఏడాదికి ఇన్ని బోర్లు వేశామని పైకి చూపించాల్సి వచ్చినప్పుడు, వేసిన బోరు పదేళ్ల తర్వాత ఎవరి చేతిలో ఉంటుందని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇందులో కొంత మీ ఖాతాలోకీ రావచ్చు. కానీ మీరు వచ్చేశాక అక్కడ ఇంకా చాలా జరిగింది. 2022 మార్చిలో మొదలైన కలరా 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను దక్షిణ మలావీని ముంచేసింది. రోడ్లతో పాటు నీటి ఏర్పాట్లు కూడా కొట్టుకుపోయాయి. ఆ ఫోటో వెనక ఇవన్నీ ఉండొచ్చు.

మీ అమ్మాయి మాటకు నొచ్చుకున్నానని రాశారు. అందులో సగం నిజముంది, ఆ సగం మీకు పనికొస్తుంది. బంగ్లాదేశ్‌నే తీసుకోండి, ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే 1970ల నుంచి యూనిసెఫ్ సాయంతో గొట్టపు బావులు వేశారు. అప్పటి నీటి పరీక్షల్లో ఆర్సెనిక్ అనే విషం ఉందేమో చూసే పద్ధతి లేదు. 1993లో అది బయటపడింది. తర్వాత దాదాపు 50 లక్షల బావులు పరీక్షించారు. లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటితే ఎర్ర రంగు, దాటకపోతే ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్ర రంగు పడినవి సుమారు 14 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 10 మైక్రోగ్రాములే కాబట్టి, ఆకుపచ్చ బావులన్నీ మంచివేనని కూడా అనలేం. అసలు ఆ బావులు వేయడమే తప్పు అని చెప్పగల ధైర్యం నాకు లేదు. పరీక్షించకపోవడం పెద్ద విషయం కాదు అనే ధైర్యం అంతకన్నా లేదు. మీ వృత్తిలో మంచి, చెడు రెండూ ఒకే గొట్టంలోంచి వచ్చాయి. అమ్మాయికి ఈ కథ మీరే చెప్పండి. సమర్థించుకోకుండా చెబితే తను వింటుందనే నా నమ్మకం.

ఇక ప్రయాణం. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు అనిపించింది, మీరు ఒకే టికెట్ మీద మూడు పనులు పెట్టుకున్నారు. ఆ మనుషుల్ని మళ్లీ చూడాలి. చేసిన పని నిలిచిందో లేదో తెలుసుకోవాలి. మీ అవసరం ఇంకా ఉందని ఎవరో ఒకరు అనాలి. మూడూ న్యాయమైన కోరికలే. అయితే మొదటిది చుట్టంచూపు, రెండోది తనిఖీ, మూడోది ఉద్యోగం. ఒకే ట్రిప్పులో మూడూ చేయబోతే అక్కడివాళ్లకి మీతో ఎలా మసలాలో తెలియదు. మీ కొలీగ్‌కి ఎదురైంది ఇదే అని నా అనుమానం. ఆయన చుట్టంగా వెళ్లి ఆఫీసర్‌లా మాట్లాడారు.

చుట్టంచూపుగా వెళ్తే ఎలా ఉంటుందో చూద్దాం. మీ చేతిలో ఇప్పుడు సంస్థ ఇచ్చిన పాస్‌పోర్టు లేదు, టూరిస్టు వీసా ఉంటుంది. దాని మీద వెళ్లి మీటింగుల్లో కూర్చుని సలహాలివ్వడం, డబ్బు తీసుకోకపోయినా సరే, పని కిందకు రావచ్చు. బయల్దేరే ముందే ఎంబసీని అడగండి. యాంటెన్నా ఉన్న తెల్ల ల్యాండ్ క్రూజరూ ఉండదు, కానీ ఊళ్లోవాళ్లకి మీ మొహం చూస్తే ఆ బండే గుర్తొస్తుంది. మీరు దిగిన అరగంటలో 'మళ్లీ ప్రాజెక్టు వచ్చింది' అన్న మాట ఊరంతా పాకుతుంది. పేర్లు రాసుకోమని జనం వస్తారు. ఏ ప్రాజెక్టూ లేదని మొదటి ఇంట్లోనే చెప్పాలి, చివరి ఇంటిదాకా చెబుతూనే ఉండాలి. నోటుబుక్ బయటికి తీయొద్దు, మీరు రాసుకుంటుంటే వాళ్లకి అది హామీలా కనిపిస్తుంది. ఇవన్నీ పాటించగలిగితే ఈ దారిలో మనుషులు మీకు దక్కుతారు, పంపు సంగతి మాత్రం తేలకపోవచ్చు. మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడిగి చూసుకోండి: వాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లల కబుర్లు చెప్పి, బోరు మాటే ఎత్తకుండా సాగనంపితే సంతోషంగా తిరిగి రాగలరా? రాగలిగితే వెళ్లండి. సేవా, అహమా అని తేల్చుకోనక్కర్లేదు. రెండూ ఉంటాయి, అందరిలోనూ ఉంటాయి.

రెండో దారి, పని మీదే వెళ్లడం. అలాగైతే పిలుపు అటునుంచి రావాలి, కాగితం మీద రావాలి. జర్మనీలో 1983 నుంచి సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్, నెదర్లాండ్స్‌లో 1978 నుంచి పీయూఎమ్ అనే సంస్థ రిటైరైన నిపుణుల్ని బయటి దేశాలకు పంపుతున్నాయి. వాటిలో మీకు చోటుంటుందో లేదో వేరే సంగతి, వాళ్ల పద్ధతి గమనించండి. సాయం కావాల్సినవాళ్లు ఫలానా పని, ఇన్ని వారాలు అని అడుగుతారు. ఆ తర్వాతే మనిషి వెళ్తాడు. మీరూ అదే పట్టుబట్టండి: ఏం పని, ఎన్నాళ్లు, ఎవరికి జవాబు చెప్పాలి. ఇలా వెళ్తే మీ మాటకు బలముంటుంది, ఆ అధికారికీ రక్షణ ఉంటుంది. నష్టమూ ఉంది. చుట్టాల్ని చూసే తీరిక దొరకదు, మీకు నచ్చని విషయం అడిగితే దానికే పరిమితం కావాలి, పైగా కాగితాలు కదలడానికి నెలలు పడుతుంది. ఆ లోగా మీ ఉత్సాహం చల్లారితే, అది కూడా మీ గురించి మీకు ఒక విషయం చెబుతుంది.

ఆ అధికారి పరిస్థితి కూడా ఆలోచించండి. ఒకప్పుడు మీ సంచీ మోసిన మనిషి ఇప్పుడు ఒక జిల్లా బాధ్యత మోస్తున్నారు, ఆయన కింద సిబ్బంది ఉన్నారు. మలావీలో స్కాట్లండ్ ప్రభుత్వ సాయంతో దేశంలోని నీటి వనరులన్నిటినీ ఫోన్లతో మ్యాప్ చేశారు. ఏ పంపు నడుస్తోందో, ఏది ఆగిందో ఆయనకు తెలిసే ఉండాలి. మీరు వెళ్లి కొత్తగా రోగం కనిపెట్టాల్సిన పని లేదు. పాత బాస్ వచ్చి సిబ్బంది ముందు తప్పులెన్నితే ఆయన గతేంటి? మరి 'వచ్చి చూడండి' అన్నది ఎందుకు? మర్యాదకి అన్నారో, పైవాళ్లతో మీరు ఒక మాట చెబితే నిధులొస్తాయని ఆశపడ్డారో, నిజంగానే ఏదో సాంకేతిక చిక్కు అడగాలనుకున్నారో నాకు తెలియదు. మీకూ తెలియదు. ఆ ఒక్క లైనును నాలుగు రకాలుగా అర్థం చేసుకుని నిద్ర పాడుచేసుకుంటున్నారు.

మూడో దారి, వెళ్లకుండానే ఇవ్వడం. పేరుకి ఇది మూడోది గానీ నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తోంది. మీ పొడుగు మెయిళ్లకు జవాబులు ఎందుకు రావడం లేదంటే, వాటిలో అభిప్రాయాలున్నాయి. అభిప్రాయాలు అడిగితేనే చెల్లుతాయి. నోటుబుక్కులు వేరు. వాటిలో ఏముందో మీరు దారిన పోతూ రాసినట్టు ఒక్క వాక్యంలో రాశారు: బోరు లోతు, నిలకడ నీటిమట్టం (పంపు కొట్టనప్పుడు బోరులో నీళ్లు నిలిచే మట్టం), ఎంత నీరొచ్చింది, ఏ తేదీన కొలిచాం. అక్కడే ఆగిపోయాను నేను. ఇరవై ఏళ్ల కింద, వానలు పడకముందు అక్టోబరులో ఫలానా బోరులో నీళ్లు ఎన్ని మీటర్ల కింద ఉన్నాయో ఇప్పుడు ఎంత డబ్బున్న సంస్థ వెళ్లినా కొలవలేదు. ఆ రోజు గడిచిపోయింది. ఇప్పటి మట్టంతో పక్కపక్కన పెడితే, బోరు ఎండిందా పంపు అరిగిందా అన్న ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది. బోరు స్కూలు దగ్గర కాకుండా వాగు అవతల ఎందుకు వేశారో, మొదట తవ్విన చోట ఉప్పునీళ్లు పడ్డాయా అన్నది కూడా మీ ఒక్కరికే తెలిసి ఉండొచ్చు. కొత్తవాళ్లు మళ్లీ అదే ఉప్పునీళ్ల చోట రిగ్గు దించకుండా ఇది ఆపగలదు.

కాబట్టి పెట్టె తెరిచి మూడు కట్టలు చేయండి. కొలతలు, బోర్ల వివరాలు ఒక కట్ట. ఇవి ఆ జిల్లాకీ, మలావీ నీటి శాఖకీ చేరాలి. ఆఫీసు నిర్ణయాలు, మీటింగుల్లో ఎవరేమన్నారన్నది రెండో కట్ట. ఇక్కడ కొంచెం జాగ్రత్త. ఐక్యరాజ్యసమితి సిబ్బంది నిబంధనల్లో, ఉద్యోగంలో తెలిసిన రహస్య సమాచారాన్ని బయటపెట్టకూడదన్న బాధ్యత ఉద్యోగం వదిలాక కూడా పోదని స్పష్టంగా ఉంది. మీ సంస్థలోనూ అలాంటిదే ఉంటుంది. కొలతల్లో కూడా సంస్థ పేరు మీద సేకరించినవి ఉంటే, ఇస్తున్నానని వాళ్లకు ఒక మెయిల్ పెట్టేయండి. మూడో కట్టలో మనుషులు ఉంటారు. ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బు, ఏ ఆడమనిషి నీళ్ల దగ్గర నిలబడి భర్త గురించి మీకేం చెప్పుకుంది. మీరు పుస్తకం రాయాలనుకుంటున్నట్టు ఉత్తరం చివర్లో ఒక సూచన ఉంది. రాయండి, కానీ ఈ కట్టలోంచి పేరూ ఊరూ తెలిసేలా ఏదీ తీయకండి. వాళ్లు చెప్పుకున్నది మీతో, చదివేవాళ్లతో కాదు.

జ్ఞాపకాలు చెప్పుకోవడానికి పుస్తకం ఒక్కటే దారి కాదు. ప్రపంచ బ్యాంకు 1961 నుంచి తన పాత ఉద్యోగుల చేత మాట్లాడించి రికార్డు చేస్తోంది. అమెరికాలో దౌత్యవేత్తల జ్ఞాపకాలు సేకరించే ఒక సంఘం, విదేశాలకు సాయం అందించిన ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ వాళ్లవీ సేకరించింది. 2025 ఫిబ్రవరిలో యూఎస్‌ఎయిడ్ వెబ్‌సైట్ ఆగిపోయి, జులై 1న సంస్థే విదేశాంగ శాఖలో కలిసిపోయాక ఆ సంభాషణల విలువ ఎంతో పెరిగింది. మీ పాత సంస్థకు రిటైరైనవాళ్ల సంఘం ఉంటే ఇలాంటిది ఉందేమో కనుక్కోండి. ఫోటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలతో నిండిపోయే వాట్సాప్ గ్రూపు కన్నా ఇది మంచి కాలక్షేపం.

కాగితం మీదకు ఎక్కని విద్య కూడా మీ దగ్గరుంది, దానికైతే మనిషి వెళ్లాల్సిందే. పంపు పనిచేస్తోందా అని అడిగితే ఎవరైనా చేస్తోందనే అంటారు. పక్కన నిలబడి, నీళ్లు పడేలోపు, బిందె పట్టుకొచ్చిన పిల్ల ఎన్నిసార్లు ఉత్తుత్తిగా కొడుతోందో లెక్కపెడితే, గొట్టం అడుగున నీళ్లు కిందకు జారకుండా ఆపే ఫుట్ వాల్వ్ కారుతోందని తెలుస్తుంది. ఇది మెయిల్లో రాస్తే ఎవరూ చదవరు. ఒక కుర్ర టెక్నీషియన్ పక్కన ఒక పూట నిలబడితే చాలు, జీవితాంతం గుర్తుంటుంది.

ఇప్పుడు మీ వారి విషయం. ఉత్తరంలో ఆయనకు మీరు నాలుగు లైన్లే ఇచ్చారు. నేను మాత్రం వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాను. ఆయన మలావీ వద్దనలేదు, గమనించారా? మీకు మంచి కాలం గడిచిన దేశాన్ని ఆయన ఇంతవరకు చూడనే లేదు. చూద్దాం అంటున్నారు. కాకపోతే మీరు పని ముగించుకుని వచ్చేదాకా జీపులో కూర్చోవడం ఇక తనవల్ల కాదంటున్నారు. ఇన్నేళ్లు ఆయన చేసింది ఒక రకంగా అదేగా.

రెండు ప్రయాణాలూ వేరు చేయొచ్చు. ముందు ఆయనతో సరస్సు, ఏడాది తర్వాత మీరొక్కరే జిల్లా. ఖర్చు రెట్టింపవుతుంది, ఒంట్లో ఓపిక అప్పటికి ఎలా ఉంటుందో చెప్పలేం, కానీ ఎవరి సెలవు వాళ్లకు దక్కుతుంది. కలిపి చేస్తే సరస్సు ముందు, జిల్లా చివర్లో పెట్టుకోండి. తిరుగు ప్రయాణం తేదీ మార్చడానికి వీల్లేని టికెట్ కొనండి. 'ఒక్క రోజు బోర్లు' అన్నది నాలుగు రోజులవుతుందని మీకూ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. నన్నడిగితే వేరువేరుగా వెళ్లడమే మేలు. కానీ మీ ఇంటి లెక్కలు నాకు తెలియవు. ఆయన్ని అడిగి తేల్చుకోండి, తేల్చాక చెప్పడం కాదు.

ఆరోగ్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. మీ పాత ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ పారేయకండి, 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. మీ వారు ఆ టీకా ఎప్పుడూ వేయించుకోకపోతే, అరవై దాటాక మొదటిసారి వేయించుకోవడంలో ప్రమాదం కాస్త ఎక్కువ. డాక్టరుతో మాట్లాడాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల మీదుగా వచ్చేవాళ్లను మలావీ ఆ సర్టిఫికెట్ అడుగుతుంది. అందుకని ఇథియోపియాలో ఎక్కువసేపు ఆగే విమానం కాకుండా వేరే రూటు చూడండి. మీరు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నారని మలేరియా మిమ్మల్ని వదిలిపెట్టదు, పాత నిరోధం ఎప్పుడో పోయి ఉంటుంది. ఎమర్జెన్సీలో విమానంలో తరలించే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇన్నాళ్లు ఆ టెన్షన్ సంస్థ చూసుకుంది. సరస్సులో దిగే ముందు, నీళ్లలోని పరాన్నజీవుల వల్ల వచ్చే బిల్హార్జియా జబ్బు గురించి మీ వారికి చెప్పాల్సింది మీరే, మీకన్నా బాగా చెప్పగలవాళ్లు ఎవరుంటారు? అయితే ఆ లెక్చర్ ఐదు నిమిషాలు దాటకుండా చూసుకోండి.

టికెట్ల గురించి ఆలోచించకముందే ఆ అధికారికి ఒక చిన్న మెయిల్ రాయండి. ఆ పంపుకు ఏమైంది? ఆ ఊరివాళ్లు ఇప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు? నా వల్ల మీకు ఏం కావాలి, ఏమీ వద్దన్నా నేనేమీ అనుకోను. ఈ మూడు వాక్యాలు చాలు, సలహా ఒక్కటి కూడా వద్దు. మీ జిల్లా బోర్ల పాత కొలతలు నా దగ్గర ఉన్నాయి, పంపమంటారా అని మాత్రం కింద చేర్చండి. ఆయన జవాబు చూస్తే పై మూడు దారుల్లో మీది ఏదో చాలావరకు తేలిపోతుంది. పంపమంటే వెంటనే పంపేలా, ఈలోపు ఆ జిల్లా నోటుబుక్కులు విడిగా తీసి పేజీలు ఫోన్‌తో ఫోటోలు తీస్తూ ఉండండి. చేతిరాత మీది, చదివి పెట్టడానికి కూడా మీరే ఉండాలి కాబట్టి ఈ పని వాయిదా వేయొద్దు.